ఆచూకీ అక్క లెక్కలో ఇరవయ్యో మనిషి

ఆ సెమినరీలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. విద్యార్థులూ, వంటమనిషీ, ఆఖరికి ప్రిన్సిపాల్ గారూ కూడా ఆమెను ఆచూకీ అక్క అనే పిలుస్తారు. పిలవరు మరి? మూడేళ్లు దైవశాస్త్రం చదివి, పట్టా పుచ్చుకుని గేటు దాటిన ప్రతి మనిషీ ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, చదివిన చదువు అక్కరకొచ్చిందా లేదా అని ఐదేళ్లపాటు కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం.

సెమినరీలకు గుర్తింపు ఇచ్చే మండలి ఒకటుంది. పాఠాలు బాగా చెప్పారా అని అడిగితే చెప్పలేదనేవాడు ఎవడూ ఉండడు కాబట్టి, ఆ మండలివాళ్లు శాతాలు అడగడం మొదలుపెట్టారు. ఒక్కో బ్యాచ్‌లో నూటికి డెబ్బై మంది సేవలో, అంటే చర్చి పనిలో, ఉండాలి. లేకపోతే మరుసటి ఏడు కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. దేవుడి పిలుపును శాతాల్లో కొలవడమేమిటని మనబోటివాళ్లం నవ్వుకోవచ్చు. ఆచూకీ అక్క మాత్రం నవ్వేది కాదు. "మూడేళ్లు వయసు ఖర్చుపెట్టి చదివిన మనిషికి బయట పని ఉందో లేదో చూడటం తప్పెలా అవుతుంది?" అనేది. ఆ మాటలో నాకైతే వంక కనపడలేదు.

చాపెల్ పక్కన, మేడమెట్ల కింద ఆమె గది. పొడుగు మనిషి లోపలికొస్తే మెట్టు నెత్తికి తగులుతుంది. ఒక బల్ల, వైరున్న ఫోను, నాలుగు రంగుల పెన్నులు, ఒక పెద్ద దస్త్రం. దస్త్రంలో ప్రతి పేరుకూ ఎదురుగా మూడు గడులుంటాయి. సేవలో ఉన్నారు, ఇతర పనుల్లో ఉన్నారు, ఆచూకీ తెలియదు. ఏటా ఒకే నెలలో అందరికీ పోస్టులో ఫారం వెళుతుంది. నింపి పంపనివాళ్లకు మూడుసార్లు ఫోన్ చేస్తుంది, చేసిన ప్రతిసారీ తేదీ వేస్తుంది. మూడుసార్లకీ జవాబు లేకపోతే ఆఖరి గడిలో టిక్కు పెడుతుంది.

ఆమెకు ఒక నియమం ఉంది. ఎవరి జవాబు వాళ్లే చెప్పాలి. తమ్ముడు చెప్పాడనో, స్నేహితుడు చూశాడనో రాయదు. ఒకసారి ఒక పెద్ద చర్చి సంఘం కాపరి, అదే పాస్టరు, ఫోన్ చేసి, మీ కుర్రవాడు మా దగ్గర సహాయ కాపరిగా ఉన్నాడు, సేవలో రాసుకోండి అన్నాడు. ఆమె వందనాలు చెప్పి పెట్టేసి, ఆ కుర్రవాడికే ఫోన్ చేసింది. "ఎనిమిది నెలలుగా కుర్చీలు వేస్తున్నా అక్కా, తీస్తున్నా. మైకు ముట్టుకోనివ్వలేదు. నన్ను ఇతర పనుల్లోనే వేయండి" అన్నాడతను. అలాగే వేసింది. ఇంకొకతను చెప్పుల కొట్టు పెట్టుకుని, ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి నసిగాడు. "మంచి పనే కదా, చెప్పులు అరగక మానవు, మనుషులు రాక మానరు" అని నవ్వించి, ఫారంలోని తొమ్మిది ప్రశ్నలకూ జవాబు రాబట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమెకు ఎన్నో ఊళ్లు మంచివయ్యాయి. ఎవరి పిల్లకు పళ్లు వస్తున్నాయో, ఎవరి మామగారికి చూపు తగ్గిందో కూడా ఆమెకు తెలుసు.

అలాంటి ఆవిడ దస్త్రంలో ఆ ఏడు ఐదేళ్లు పూర్తిచేసుకుంటున్న బ్యాచ్ ఒకటుంది. ఐదో ఏడు రాసింది ఇక మార్చరు, మండలి ముద్ర వేసి మూసేస్తుంది. బ్యాచ్‌లో ఇరవై మంది. పదమూడుగురు సేవలో ఉన్నారు, ఆరుగురు ఇతర పనుల్లో. మిగిలిన ఒక్కడి ఎదుట, నాలుగేళ్లుగా, ఆచూకీ తెలియదు అని ఉంది.

ఆ ఒక్కడూ ఆచూకీ అక్క మొగుడు.

నవ్వకండి, లేదా నవ్వి చదవండి. ఆయన ఎక్కడికీ పారిపోలేదు. రోజూ ఆమె పక్కనే కూర్చుని అన్నం తింటాడు. పొద్దున్నే వ్యాన్ తీసుకుని వెళ్లి, డయాలసిస్ చేయించుకునే రోగులను ఇళ్ల నుంచి ఆసుపత్రికి చేరుస్తాడు, అయ్యాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతాడు. సాయంత్రం వచ్చి వ్యాన్‌లో పరిచే రబ్బరు పట్టాలు కడుగుతాడు. ఊరందరి ఆచూకీ చెప్పే ఆవిడకు ఆయన ఆచూకీ తెలియకపోవడానికి వెనక ఒక కథ ఉంది.

ఆమె సెమినరీలో టైపిస్టుగా ఉన్నప్పుడే అతను విద్యార్థి. రెండో ఏడులో పెళ్లయింది. పట్టా రాగానే ఒక సంఘానికి కాపరిగా వేశారు. చర్చి పక్కనే ఇల్లు, ఏడు కిటికీలు. ఏడింటికీ ఆమె తన చేత్తో పరదాలు కుట్టింది. దారిలో ఎదురైనవాళ్లు "వందనాలు అమ్మగారూ" అనేవారు. నాన్న కూలిపని చేసిన ఇంట్లోంచి వచ్చిన పిల్లకు ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అది ఎనిమిది నెలల ముచ్చట. సంఘంలో ఒక పాప చనిపోయింది, ఆరేళ్లది. సమాధి దగ్గర అతను బైబిలు వాక్యం చదివి, ప్రసంగం చెప్పకుండా పుస్తకం మూసేశాడట. పోయి ఆ పాప తండ్రి పక్కన మట్టిలో కూర్చున్నాడట. ప్రసంగం చెప్పని కాపరి ఎందుకని సంఘ పెద్దలు గుసగుసలాడారు. వారం తిరిగేలోగా అతను రెండు వాక్యాల రాజీనామా రాసిచ్చాడు. ఆ సంగతి ఆమెకు మొగుడి నోట తెలియలేదు. సంఘ పెద్ద ఒకాయన వచ్చి, "ఇంటి తాళాలు ఎప్పుడిస్తారమ్మా?" అని అడిగితే తెలిసింది. అప్పుడామె ఏడో కిటికీ పరదాకు ఇస్త్రీ చేస్తోంది.

ఎందుకు చేశారని ఆమె అడగలేదు. ఇలా అయిందని అతనూ చెప్పలేదు. వాళ్లు మాట్లాడుకోరని కాదు. పాలు విరిగాయి, కరెంటు బిల్లు వచ్చింది, వ్యాన్ బ్రేకులు చూపించాలి, ఇవన్నీ మాట్లాడుకుంటారు. ఆ ఒక్కటీ తప్ప. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కానీ అడగడానికి కూడా ఒక రోజు దాటిపోతుంది, దాటితే మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సెమినరీ ఆమెను మళ్లీ పనిలోకి తీసుకుంది. ఏటా ఆమె చేత్తోనే పోస్టులో వేసిన ఫారం ఆమె ఇంటికే వచ్చేది. అతను కవరు విప్పేవాడు, చదివేవాడు, అలమరలో పెట్టేవాడు.

మండలి నుంచి తనిఖీకి మనిషి వస్తున్నట్టు ఉత్తరం వచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారు మెట్ల కింద గదిలోకి తల వంచుకుని వచ్చారు. ఆయన మంచివాడు. అబద్ధమాడాలంటే ఆయనకు ముందు కళ్లజోడు తుడుచుకోవాల్సి వస్తుంది.

"పదమూడంటే అరవై ఐదు శాతమే కదమ్మా" అన్నారు కళ్లజోడు తుడుస్తూ.

"అవునండీ."

"ఇంకొక్కరుంటే డెబ్బై."

ఆమె బల్ల మీద పెన్నులు సర్దింది.

"మీ ఆయన రోగులకు చేసేది మాత్రం సేవ కాదా? నేను నేర్పినవాడే. నా లెక్కలో అది సేవే. ఆ టిక్కు కాస్త ఇటు జరిపితే సరిపోతుంది. వచ్చే ఏడు చేరాల్సిన పిల్లలున్నారు."

"ఆయన చెప్పలేదండీ."

"ఇంట్లోనే ఉన్నాడుగా, అడిగితే పోలా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి కాబట్టి ఆమె, "ఫారం పంపించానండీ" అంది. ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి లేచారు, లేస్తూ మెట్టుకు తల కొట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అలమరలోంచి ఫారం తీసి, బల్ల మీద మొగుడి కళ్లజోడు పక్కన పెట్టింది. అడగడానికి అంతకంటే దగ్గరికి ఆమె రాలేకపోయింది. పొద్దున్న చూస్తే ఫారం అక్కడే ఉంది. దాని మీద కరెంటు బిల్లు ఉంది.

తనిఖీకి వచ్చినావిడ రిటైరైన హెడ్మాస్టరమ్మ. పొట్టి మనిషి, తెల్లజుట్టు, చేతిలో సన్న పెన్సిలు. ఆ గదిలో మెట్టు తగలకుండా నిలబడగలిగిన మొదటి అధికారి ఆవిడే. దస్త్రం ముందేసుకుని రెండు గంటలు చూసింది. అక్కడక్కడా పేరు మీద పెన్సిలు పెట్టి, తనే ఫోన్ చేసి సరిచూసుకుంది. కుర్చీలు వేసే కుర్రవాడితో మాట్లాడింది, చెప్పుల కొట్టాయనతోనూ మాట్లాడింది. ఎక్కడా ఒక్క తేడా రాలేదు.

"ఇన్ని సెమినరీలు తిరిగాను, ఇలాంటి దస్త్రం చూడలేదమ్మా" అంది. "అందరూ తొంభై శాతం చూపిస్తారు. ఫోన్ చేస్తే సగం మంది ఎత్తరు."

ఆచూకీ అక్క తల దించుకుంది. ఆవిడ పెన్సిలు ఇరవయ్యో పేరు దగ్గర ఆగింది.

"ఇతనొక్కడే దొరకలేదు. చిరునామా ఈ ఊరిదే. మనం ఒకసారి వెళ్లి చూద్దామా, ఆటో మాట్లాడుకుని?"

"వెళ్లనక్కర్లేదండీ."

"ఏం, ఖాళీ చేసి వెళ్లిపోయాడా?"

"లేదండీ. అది మా ఇల్లే."

హెడ్మాస్టరమ్మ ఆమెను చూసింది, చిరునామా చూసింది, మళ్లీ ఆమెను చూసింది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందే" అంది నెమ్మదిగా. మాటలో ఎగతాళి ఉన్నా మొహంలో లేదు. "మరి ఇక్కడ నిరుటి దాకా ఏటా మూడు తేదీలు వేశారు. ఫోన్ చేశారా, చేయలేదా?"

"చేశానండీ. నాలుగేళ్లూ, ఏటా మూడుసార్లు చేశాను." ఆచూకీ అక్క పెన్నుకు మూత పెట్టింది. "ఒక్క మోత మోగగానే పెట్టేశాను."

"ఎందుకు?"

"ఎత్తితే అడగాలి కదండీ."

ఆ పెద్దావిడ పెన్సిలు కింద పెట్టింది. ఫోను ఆమె వైపు జరిపింది. "ఈ ఏడు తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. చేయండమ్మా. నేను ఈ పక్క పేజీలు చూసుకుంటాను" అని కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది.

ఆమె నంబరు నొక్కింది. ఒకటి మోగింది. రెండు మోగాయి. చెయ్యి దానంతటదే ఫోను దించబోతే రెండో చేత్తో పట్టుకుంది. అలాంటి సాహసం ఆమె పెళ్లప్పుడు కూడా చేయలేదు. మూడో మోతకు అతను ఎత్తాడు.

"వందనాలండీ. సెమినరీ కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాను. పాత విద్యార్థుల వివరాల కోసం తొమ్మిది ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు మీకు వీలవుతుందా?"

అటు వ్యాన్ తలుపు మూసిన చప్పుడు వినపడింది.

"వీలవుతుందండీ" అన్నాడు. ఏడేళ్ల కాపురంలో మొగుడు ఆమెను అండీ అనడం అదే మొదలు. "లోపల నలుగురికి మిషన్లు పెట్టారు. మూడు గంటలదాకా నాకు పనేం లేదు. ఏటా మూడు మిస్డ్ కాల్స్ వస్తుంటాయి మీ దగ్గర్నుంచి. ఈసారి మోగుతూనే ఉందే అనుకున్నాను."

ఆమె పెన్ను పట్టుకుంది. మొదటి ప్రశ్న పేరు. మొగుడి పేరు మొగుణ్ణే అడిగి రాసుకుంది. రెండోది చిరునామా మారిందా అని. "లేదండీ, మీకు తెలిసిన చోటే ఉంటున్నాను" అన్నాడు. మూడోది చదువు ఎక్కడైనా కొనసాగించారా అని, లేదన్నాడు. నాలుగోది చేస్తున్న పని, చెప్పాడు.

"సెమినరీలో నేర్చుకున్నది మీ పనిలో ఉపయోగపడుతోందా?"

"హీబ్రూ పడలేదండీ. రోగుల్ని పరామర్శించే పాఠం పడింది. మంచం మీద కూర్చోకూడదు, కుర్చీ లాక్కుని వాళ్ల కళ్లకు ఎదురుగా కూర్చోవాలి అనేవారు. వ్యాన్‌లో కుదరదు కదా, అందుకని అద్దం కాస్త వంచి పెట్టుకున్నాను. వెనకాల కూర్చున్నవాళ్ల మొహం కనపడుతుంది."

"ఈ పనిని మీరు సేవ అనుకుంటున్నారా, ఉద్యోగం అనుకుంటున్నారా?"

"జీతం ఇస్తున్నారండీ. డ్రైవర్ అని రాయండి."

ఆమె రాసింది. ఏడో ప్రశ్న ఆమెకు కంఠతా వచ్చు. ఎందరినో అడిగింది. ఇప్పుడు మాత్రం కాగితంలో చూసి చదివింది.

"మొదట వేసిన సంఘాన్ని మీరు వదిలిపెట్టి ఉంటే, కారణం చెప్పగలరా?"

అతను గొంతు సవరించుకున్నాడు. "ఒక పాప పోయిందండీ. సమాధికి బయల్దేరే ముందు వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచింది. దేవుడు తీసుకున్నాడని మాత్రం చెప్పకండి అయ్యగారూ, ఆయన మీద కోపం వస్తే నాకిక ఎవరూ మిగలరు అంది. చెప్పనని మాటిచ్చాను. తీరా నిలబడి చూసుకుంటే, నేను రాసుకున్న కాగితంలో ఉన్నదంతా అదే. దాన్ని తీసేస్తే నా దగ్గర ఇంకేం లేదు. అందుకని కూర్చున్నాను. పెద్దలు అడిగితే, ఆ తల్లి అన్న మాట బయటపెట్టలేక ఊరుకున్నాను. రాజీనామా ఇచ్చేశాను."

"ఇంట్లో చెప్పలేదా?" ఆ ప్రశ్న ఫారంలో లేదు. ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"మా ఆవిడకు ఆ ఇల్లంటే ఇష్టమండీ. రెండు ముక్కలు ఏవో ఒకటి చెప్పేసి రాలేకపోయారా అంటుందని భయపడ్డాను. అంటే, ఆ మాట నిజమే కదా. నా దగ్గర జవాబు లేదు."

నిజమే, ఆ రోజు అతను చెప్పి ఉంటే ఆమె అచ్చంగా ఆ మాటే అని ఉండేది. తనకు ఆ సంగతి తెలుసు. చెప్పలేదని ఐదేళ్లు మొగుడి మీద కోపం పెట్టుకుంది గానీ, చెప్పుకునేలా తాను ఉన్నానా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. హెడ్మాస్టరమ్మ ఖాళీ పేజీలు శ్రద్ధగా తిరగేస్తోంది.

ఎనిమిదోది, మళ్లీ సంఘ సేవలోకి వస్తారా అని. ఎవరూ పిలవలేదు, పిలిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు.

"ఆఖరిదండీ. మేము మీకోసం దేని గురించి ప్రార్థించాలి?"

"ఇంట్లో ఒకావిడ ఉంది. ఇవాళ ఫోన్‌లో చాలా బాగా మాట్లాడింది. సాయంత్రం నేను ఇంటికెళ్లాక కూడా ఇలాగే మాట్లాడాలని ప్రార్థించండి."

చెప్పింది చెప్పినట్టు రాయడం ఆమె పద్ధతి. అక్షరాలు వంకర పోయినా అన్నీ రాసింది. "తప్పకుండానండీ. మీ సమయానికి వందనాలు" అని ఫోన్ పెట్టేసి, తేదీ వేసింది.

పెద్దావిడ దస్త్రం తన వైపు తిప్పుకుని ఏడో జవాబు చదివింది, ఆగి మళ్లీ చదివింది. "అమ్మా, ఇది సేవ గడిలో వేయండి. తనిఖీకి వచ్చినదాన్ని నేనే అంటున్నాను. నాకు అభ్యంతరం లేదు" అంది.

"ఆయన డ్రైవర్ అన్నారండీ."

"డెబ్బై అయిపోతుంది."

"ఎవరి జవాబు వాళ్లదేనండీ. నేను ఆయన తరఫున ఏవేవో అనేసుకునే ఇన్నేళ్లు అడక్కుండా ఊరుకున్నాను" అంటూ ఇతర పనుల గడిలో టిక్కు పెట్టింది. ఇరవై మందీ దొరికారు, శాతం మాత్రం అరవై ఐదు దగ్గరే నిలిచింది. మండలి మరుసటి ఏటికి కొత్త బ్యాచ్‌ను ఆపింది. ప్రిన్సిపాల్ గారు నెలరోజులు ఆమెతో ముభావంగా ఉన్నారు. చేరాల్సిన పిల్లలకు ఏడాది ఆగమని ఉత్తరాలు రాసింది కూడా ఆమే. అది ఆమెను బాధపెట్టింది, ఎవరూ తప్పు పట్టకపోయినా తనే తప్పు పట్టుకుంది. ఆ టిక్కు మాత్రం జరపలేదు.

ఫోన్ చేసిన రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అతను కుళాయి దగ్గర పట్టాలు కడుగుతున్నాడు. ఆమెను చూసి కుళాయి కట్టేశాడు. ఫోన్‌లో ఉన్న ధైర్యం ఎదుట ఉండదు. ఆమె సంచి కింద పెట్టి, అతని పక్కన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. అక్కడ తడిగా ఉంది, చీర తడుస్తుందని అతను చెప్పబోయాడు.

"ఆ పాప పేరేంటండీ?" అంది.

అతను తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, అవి పొడిబారాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"ఐదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు" అని, అప్పుడు పేరు చెప్పాడు.